బావ రాసిన కోడులో తప్పులుండవు

కరోనా సద్దుమణిగిన ఏడాది మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో నన్ను టెక్నికల్ లీడ్‌గా నంద్యాల శాఖకు వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. కొత్త పిల్లలను చేర్చుకుని పని నేర్పడం నా బాధ్యత. ఇంటర్వ్యూకు అభ్యర్థి వెంట మేనమామ కూడా వచ్చేవాడు. జవాబులు ఎక్కువగా ఆయనే చెప్పేవాడు. ఉద్యోగం ఆయనకే ఇవ్వాల్సింది, వయసు దాటిపోయింది.

మా వృత్తిలో కోడ్ రివ్యూ అని ఒకటుంది. ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు చదివి, తప్పులు పట్టి, సరే అంటేనే అది కస్టమరుకు వెళ్తుంది. మా కుర్రాళ్లు చేరిన వారంలోనే వరసలు కలుపుకుని బావలూ అన్నలూ అయిపోయారు. ఇక రివ్యూలన్నిటా ఒకటే మాట, 'బాగుంది బావా'. తప్పుల్లేని ప్రోగ్రాములు ప్రపంచం మొత్తంలో నంద్యాలలోనే తయారవుతున్నాయని గర్వపడ్డాను. ఒకణ్ణి నిలదీస్తే, "బావ రాసినదాంట్లో తప్పెట్ల పడ్తాం సార్? రేపు పెండ్లిలో ఎదురుపడాల గదా" అన్నాడు.

శిరివెళ్ల నుంచి బస్సులో వచ్చే రూతుకు ఆఫీసులో ఎవరితోనూ వరస కలవలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. విత్తనాల గోదాముల కోసం మా కంపెనీ యజమాని బామ్మర్ది సుధాకర్ రాసిన ప్రోగ్రామును ఆమె తిప్పి పంపింది. రైతు వాపసిచ్చిన ప్రతి బస్తాను అది రెండుగా లెక్కేస్తోందని రాసింది. ఆళ్లగడ్డ నుంచి యజమాని ఫోన్ చేశాడు.

"ఏందప్పా, ఆ పాప మావోనికే తప్పులు చెప్తాందంట? ఈ నెలతో పంపిచ్చెయ్."

ఆయనకు ఆళ్లగడ్డలో సొంత విత్తనాల గోదాము ఉంది. ముందు ఆ ప్రోగ్రామును అక్కడే నడిపిద్దాం, బాగా నడిస్తే రూతును పంపించేస్తానన్నాను. బామ్మర్ది మీది నమ్మకంతో ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండానే మళ్లీ ఫోన్.

"కంప్యూటర్లో ఉండాయి, గోదాములో లేవు. యాడికి పోయినాయప్పా బస్తాలు?"

ఫోన్ రూతుకిచ్చాను.

"యాడికీ పోలేదు సార్. ఆడ ముందునుంచే లేవు" అంది.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. నాకు నిజంగా సంతోషమైంది. సుధాకర్‌ను మాత్రం నాణ్యత విభాగానికి పెద్దను చేశారు.

మర్నాటి నుంచి కుర్రాళ్లు ఆమెను అక్కా అని పిలవసాగారు. ఇక ఆమె కోడుకూ 'బాగుందక్కా' మొదలైంది. విసుగెత్తి, రాసినవాళ్ల పేర్లు తీసేసి రివ్యూకు ఇచ్చాను. ఆ రోజే తప్పులు కుప్పలుగా బయటపడ్డాయి. నేను రాసినదాన్నీ వదల్లేదు.

తప్పు పట్టే తెలివి ఆ పిల్లలకు మొదటినుంచీ ఉంది. తప్పు ఎవరిదో తెలియనంతవరకే అది పనిచేస్తుందని, సర్వీసు చివర్లో నేర్చుకున్నాను.