కలువ వాసన నాకు రాలేదు

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్మినదాన్ని, వాటితో నాకేం పని అనుకుంటాను. అయినా మొన్న ఎండాకాలం లక్సెట్టిపేటలో మా ఇంట్లో జరిగినదానికి ఇంతవరకు ఏ పేరూ పెట్టలేకపోతున్నాను.

నేను బడికి పోలేదు. అవ్వ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. అత్తర్లు కలపడం బాపు నేర్పాడు. ఇంట్లోనే కలిపి, చిన్న సీసాల్లో నింపి అమ్ముతాను. ఇంత మంచి ముక్కు ఇచ్చినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

మా అత్తమ్మకు జ్వరం వచ్చి తగ్గాక వాసన తెలియడం పోయింది. దాంతోపాటే రుచీ పోయింది. "గడ్డి తిన్నట్టున్నది" అని కంచం పక్కకు జరిపేది. గాజులు మోచేతి దాకా జారేంత చిక్కిపోయింది. తెలిసిన వాసనలు పొద్దున, సాయంత్రం చూపిస్తూ ఉండమన్నాడు డాక్టరు. ఇల్లంతా వాసనలే కదా, ఇదెంత పని అనుకున్నాను.

మల్లె, మొగలి, వట్టివేరు, లవంగం. ఏదీ ఆమెకు అందలేదు.

"నీ సీసాలన్ని ఉత్త నీళ్లే బిడ్డా. గివ్వేనా ఊరోళ్లకు అమ్ముతున్నవ్?" అని నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు తనే అడిగింది. "కలువ వాసనుంటే సూపియ్యి. మా ఊరి చెర్వు నిండ అవ్వే ఉంటుండె."

ఆ ఊరూ ఆ చెరువూ ప్రాజెక్టు నీళ్ల కింద పోయి ఏళ్లయింది.

కరీంనగర్‌లో నేను సరుకు తెచ్చుకునే అత్తరు దుకాణం చాచాను అడిగాను. "పువ్వుల నుంచి తీసిందైతే నా దగ్గర లేదు బేటీ. పేరే కలువ, అంత కలిపి చేసుడే" అని ఒక సీసా ఇచ్చాడు. మూత తీస్తే సబ్బు వాసన, దాని వెనక దోసకాయ.

నేనే కలుపుదామని కూర్చున్నాను. కలువలో తీపి తక్కువ. పచ్చి కాడ విరిచిన వాసన, అడుగున బురద చల్లదనం ఉంటాయి. వట్టివేరు వేస్తే మట్టి ఎక్కువైంది, తగ్గిస్తే మళ్లీ సబ్బే. పారబోసి మళ్లీ కలిపాను. ప్రార్థన చేస్తూనే లోపల విసుక్కున్నాను. ఆమె ముద్ద ముట్టడం లేదు, నా చేతికి కలువ చిక్కడం లేదు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా కలిపింది అనుకుని కిటికీలోని సీసా తీసి ఆమె చేతిలో పెట్టి వంటింట్లోకి పోయాను.

"బిడ్డా, గిదే! నాచు గూడ ఉన్నది, కాడ తెంపితే కారే నీళ్లు గూడ!"

వచ్చి చూస్తే ఆమె కళ్ల నిండా నీళ్లు. చేతిలో ఉన్నది అత్తరు కాదు. మా సంఘంలోని ఆడవాళ్లం రోగుల నుదుట రాసే ప్రార్థన నూనెను నా కొత్త సీసాల్లోనే పోసుకుంటాం. పొరపాటున అది ఇచ్చాను. ఉత్త ఒలీవ నూనె. నేనూ వాసన చూశాను. నూనె వాసన తప్ప ఏమీ లేదు.

ముసలిప్రాణం ఆశ అని సరిపెట్టుకునేదాన్నే. కానీ మందమర్రి గనిలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, గడప దగ్గర చెప్పులు విడుస్తూనే, "గీ ఎండల కలువపూలు ఎవరు తెచ్చిన్రు?" అన్నాడు. ఆయనకు ఎవరమూ ఏమీ చెప్పలేదు. చుట్టుపక్కల చెరువులన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి.

ఆ సీసా, అత్తమ్మ అరచెయ్యి, కిటికీ పరదా, అన్నీ మళ్లీ మళ్లీ వాసన చూశాను.

"గింత గుప్పుమంటుంటే నీకొస్తలేదా?" అని మా ఆయన వింతగా చూశాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ పచ్చిపులుసు అడిగి మరీ అన్నం తిన్నది. "ఉప్పు తక్కువేసినవ్" అన్నది. రుచి చూస్తే నిజంగానే తక్కువ. అక్కడే తలవంచి స్తోత్రం చెప్పాను.

ఆ సీసా ఇంకా కిటికీలోనే ఉంది. అత్తమ్మ అప్పుడప్పుడు మూత తీసి "ఇంకున్నది" అంటుంది. ముక్కుతో బతికేదాన్ని నేను, నాకు మాత్రం అందులో నూనె తప్ప ఏదీ అందదు. ఎందుకో తెలియదు. కృతజ్ఞత చెప్పడం మానలేదు. నాకూ ఒక్కసారి చూపిస్తే నీకేం పోయేది ప్రభువా అని అడగడమూ మానలేకపోతున్నాను.