దొరసాని ఎందుకు ఆగింది

మొన్న కొత్తపేట పండ్ల మార్కెట్టు దాటి ఎల్బీ నగర్ వైపు పోతున్నప్పుడు, మా అక్క కొడుకు ఈ మధ్యే కొన్న కారు, ముందున్న మామిడిపండ్ల లారీని దాటేద్దామని వాడు కాలు బలంగా నొక్కిన క్షణాన, రెండుసార్లు దగ్గి నడిరోడ్డు మీద ఊపిరి వదిలేసింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను కారు దిగి, కాళ్లు వాటంతటవే తీసుకుపోయినట్టు వెనక్కి నడిచి, పెట్రోలు మూత దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. మా వాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "మామా, యే బండి ఆగినా నువ్వు ముందుగాల మూత దగ్గర్కే పోతవ్, ఎందుకట్ల?" అన్నాడు. నాకు యాభై అయిదేళ్లు. అందులో ముప్పై ఆరేళ్లుగా ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదనే దేవుణ్ని వేడుకుంటున్నాను.

అరవై తొమ్మిదో సంవత్సరం కాలేజీలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ యేడు సంగతి వాళ్లకు నేను వేరే చెప్పనక్కర లేదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఒక పూట తిరిగితే మూడు పూటలు నిలిచేవి, ఊరంతా చీమలపుట్టలో కాలు పెట్టినట్టు కుదురు లేకుండా ఉండేది. అందరికంటే కుదురు లేనిది మాత్రం మన్సూరాబాద్‌లో, జొన్నచేలకూ బండరాళ్లకూ మధ్య ఉన్న మా ఇంట్లో, పందొమ్మిదేళ్ల నా రెండు చేతులకు. పుస్తకం పట్టే పని లేదు గనక ఆ చేతులు ఇంట్లో విప్పడానికి వీలున్న ప్రతి వస్తువునూ విప్పాయి. నేను బాగుచేశాక మా గోడగడియారం పదమూడు గంటలు కొట్టడం నేర్చుకుంది. కుట్టుమిషను ముందుకు కుట్టడం మానేసి వెనక్కి కుట్టసాగింది. అమ్మ నన్ను చూస్తే రోకలిని కూడా చీరకొంగు కింద దాచేది.

ఆ రోజుల్లో ఎల్బీ నగర్ అంటే ఇళ్లకంటే ముందు పేరు పుట్టిన చోటు. దిల్‌సుఖ్‌నగర్ అంటే ద్రాక్షతోటలు. ఇవాళ ఆ రోడ్డు మీద మనిషి నిలబడడానికి చోటు లేదు, ఆనాడు నిలబడడానికి మనిషి లేడు.

ఇక దొరసాని సంగతి. దొరసాని అంటే మనిషి కాదు, కారు. మా మేనమామ ఒక మిషన్ దవాఖానలో డ్రైవరుగా ఉండేవాడు. అక్కడి డాక్టరు దొరసాని స్వదేశానికి పోతూ పోతూ, ఓడలో పట్టదనో, పట్టినా ఓడ మునుగుతుందనో, తన పాత కారును ఆయనకిచ్చి వెళ్లింది. దాని బరువు రెండున్నర ఏనుగులు. ముందు సీట్లో కూర్చుంటే కాళ్ల కింద రోడ్డు కనపడేది. అందుకే ఈ బండిలో దారి తప్పే ప్రశ్నే లేదని మా మేనమామ గర్వంగా చెప్పుకునేవాడు. పెట్రోలు ముల్లు ఏనాడో చచ్చిపోయింది గనక ఒక తుమ్మపుల్లను ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకు ఎక్కిందో వేళ్లతో కొలిచి చూసేవాడు. బండి ఆగితే ఆయన మొదటి వైద్యం ఆ పుల్లే. రెండోది ప్రార్థన.

ఆ ఎండాకాలం దొరసానికి ఒక వింత జబ్బు పట్టుకుంది. మెల్లగా నడిపితే గొర్రెపిల్లలా నడిచేది. కాస్త తొందరగా పోదామని యాక్సిలరేటర్ తొక్కితే చాలు, గుక్కపట్టిన పసిబిడ్డలా రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయేది. కాసేపు బుజ్జగిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు కదిలేది. మలక్‌పేటలోని మెకానిక్ ఉస్తాద్ కార్బురేటర్‌లో కచరా ఉందని దాన్ని విప్పి, ఊది, కడిగాడు. బండి బ్రహ్మాండంగా పరుగెత్తింది, సరిగ్గా రెండు మైళ్లు. ప్లగ్గుల దోషమని మా మేనమామ. జనం దిష్టి అని అమ్మ, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషై ఉండి కూడా. పెట్రోల్లో నీళ్లు కలిశాయని మా పక్కింటి లెక్చరరు గారు. ఆయనది గుంటూరు ప్రాంతం. ఆ యేడు ఆయన కూర కొనడానికి వెళ్లినా బేరం చేయకుండా, అడిగినంత ఇచ్చి వచ్చేవాడు, నోరు తెరిస్తే యాస బయటపడుతుందని.

ఇంతకీ ఆ కారు బాగుపడాల్సిన అవసరం మా అక్కది. ఆమె టీచరు ట్రైనింగు ఆఖరు పరీక్ష గొడవల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి కోఠీలో ఒక హాలులో పెట్టారు. నల్గొండ వైపు ఒక మిషను బడిలో ఆమె కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. ఈసారి పరీక్ష తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది. పరీక్ష రోజు బంద్ అని ముందురోజు సాయంత్రం తెలిసింది. నడిచిపోతానంది అక్క. "దొరసాని ఉండంగ నా కోడలు నడిసి పోవుడేంది!" అని మీసం మీద చెయ్యివేశాడు మా మేనమామ. అదే హాలులో డ్యూటీ పడిన లెక్చరరు గారు కూడా మాతో ఎక్కాడు, కోఠీ దాకా నోరు విప్పనని ఒట్టు పెట్టుకుని.

పొద్దున ఏడింటికి బయలుదేరాం. ఎల్బీ నగర్ దగ్గర ఆగింది. మా మేనమామ దిగి పుల్ల ముంచి చూసి, పెట్రోలు ఉందని తృప్తిపడి ఎక్కితే కదిలింది. కొత్తపేటలో ఆగింది. మళ్లీ పుల్ల, మళ్లీ కదలిక. అక్క ఒళ్లో పుస్తకం ఉంది గానీ కళ్లు నాయిన చేతిగడియారం మీద ఉన్నాయి, ఆ రోజు దాన్ని ఆమెకే కట్టి పంపాడు. ఆమె కాలి బొటనవేలు కారు నేలను తడుతూనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ ద్రాక్షతోటల పక్కన మూడోసారి ఆగినప్పుడు ఎదురుగా జెండాలు పట్టుకుని నినాదాలతో కుర్రాళ్లు వస్తున్నారు. నాలుగు వేలమంది అని రాయాలని చెయ్యి లాగుతోంది గానీ, నలభైమందే. మా మేనమామకు కంగారులో పుల్ల కూడా గుర్తు రాలేదు. సరాసరి బానెట్ ఎత్తి దాని వెనక దాక్కున్నాడు.

వాళ్లలో పొడుగాటి నాయకుడు వచ్చి, "ఏంది పెద్దమనిషీ, బంద్‌ల బండెందుకు తీసినవ్?" అన్నాడు.

"తీసింది నేనే గని, ఆపింది నేను గాదు బిడ్డా. అదే ఆగింది," అన్నాడు మా మేనమామ.

అంతే, నినాదాలు ఆగిపోయాయి. మీకు తెలుసు కదా, మన ఊళ్లో ఆగిన బండిని చూసి రోగం చెప్పకుండా పోయిన మగవాడు ఇంకా పుట్టలేదు. ఉద్యమం ఒక నిమిషం పక్కకు జరిగింది, నలభై తలలు బానెట్‌లోకి వంగాయి. కాయిల్ గరమైందని ఒకడు, డెల్కో పోయిందని ఒకడు, బ్యాటరీ అని ఒకడు, ముసల్దైంది జర పండుకోనియ్యమని ఒకడు. మా లెక్చరరు గారు కారులో కూర్చుని పెదాలు కొరుక్కుంటున్నాడు. తప్పు జవాబు విని ఊరుకోవడం ఏ మాస్టారికైనా ప్రాణాంతకం. చివరికి ఒట్టు తెగింది. "అబ్బాయిలూ, అది కాదండీ, పెట్రోల్లో నీళ్లు కలిశాయి!"

నలభై తలలూ పైకి లేచాయి.

"సారుది ఏ ఊరు?" అన్నాడు నాయకుడు.

"గుంటూరు దగ్గరండీ," అన్నాడాయన.

"మా నౌకరీలు మీరే తీస్కుంటిరి. మా బండికి రోగం జెప్పుడు గూడ మీరేనా సార్?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. అది చల్లారకముందే నాయకుడి చూపు అక్క ఒళ్లోని హాల్ టికెట్ మీద పడింది. నవ్వు చప్పున ఆరిపోయింది. "పరీక్షకా? పరీక్షలు బంద్! బండి వాపస్ తిప్పుండ్రి," అన్నాడు.

అక్క కారు దిగి వెనక్కి నడిచింది. "మామా, పొద్దటి సంది నువ్వు పుల్ల పెట్టి సూసినప్పుడల్ల బండి నడిసింది. ఇప్పుడు పెట్టలే, నడుస్తలేదు. రోగం ముందల లేదు, ఎనుక ఉంది," అంది. గ్యాసునూనె, అదే కిరసనాయిలు, ఇంట్లో దీపాలకు పోసేది ఆమే. "డబ్బాకు ఒక్కటే బెజ్జం పెడితే నూనె గుడగుడ అని నిలుస్తది. గాలి పోనీకి రెండోది పెడితేనే ధార పడ్తది. గిది గూడ గంతే." అంటూ మూత తిప్పింది.

స్స్స్స్‌మని ట్యాంకు లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు మలక్‌పేట దాకా వినపడిందంటే మీరు నమ్మరు, కొత్తపేట దాకా మాత్రం కచ్చితంగా వినపడింది. మా మేనమామ మూత లాక్కుని తిప్పి చూశాడు. మధ్యలో గాలి కోసం ఉండాల్సిన చిన్న బెజ్జం మీద ఎర్రటి లక్క, ముద్దగా, నున్నగా, ఎంతో శ్రద్ధగా పెట్టినది.

"ఇదెవడు బెట్టిండు?"

నేను ద్రాక్షాకుల్లో ఈనెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బంద్‌లతో పెట్రోలు దొరకని ఆ రోజుల్లో, ఆ బెజ్జంలోంచి పెట్రోలంతా ఆవిరైపోతోందని కనిపెట్టి, పోస్టాఫీసులో పనిచేసే నాయిన సంచిలోంచి సీళ్లు వేసే లక్క దొంగిలించి, దీపం మీద కరిగించి బిగించిన మేధావి ఎవరో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నెల తిరిగాక ఎంత పెట్రోలు మిగిలిందో చూపించి అందరి నోళ్లూ మూయిద్దామనుకున్నాను. ఈలోగా మూసుకున్నది దొరసాని నోరు.

"ఇంకెవడు? సర్కారోళ్ల కుట్ర!" అన్నాడు వెనకనుంచి ఎవడో. దాంతో ఆ లక్కముద్ద మీద అయిదు నిమిషాలు నినాదాలు. నా జీవితంలో నేను చేసిన పనికి అంతటి జనస్పందన మళ్లీ రాలేదు.

అక్క తల్లోంచి పిన్ను తీసి, లక్కను గీకి ఊడదీసి, ఆ ముక్కను పెన్నుల డబ్బాలో వేసుకుంది. వేసుకుంటూ నా వంక ఒక్కసారి చూసింది. నాయిన లక్కను ఆమె గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? అయినా నాయకుడి వైపు తిరిగి, "నౌకరీలు మనకే రావాలంటున్నరు గదన్నా, వచ్చిననాడు చేసేటోళ్లు ఉండొద్దా?" అంది.

అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత మెల్లగా, "సార్, చాక్‌పీసుందా?" అన్నాడు. చాక్‌పీసు లేని లెక్చరరు జేబు ఉంటుందా! ఆయన ఇచ్చిన సుద్దముక్కతోనే దొరసాని నుదుటి మీద ఇంతింత అక్షరాలతో జై తెలంగాణ అని రాసి, ఇక దారిలో ఎవడూ ఆపడని చెప్పి, ఒక్క తోపు తోసి పంపారు. మా మేనమామ మూత వదులుగా పెట్టి, ఆ పాతబండి చూసి ఎరగనంత వేగంతో తొక్కాడు. చాదర్‌ఘాట్ వంతెన మీద ఎదురైన ఇంకో గుంపు మాకు జేజేలు కొట్టింది. లెక్చరరు గారు కిటికీలోంచి బిడియంగా చెయ్యి ఊపాడు. గంట కొడుతుండగా అక్క హాలు మెట్లెక్కింది.

ఆ కుర్చీ ఆమెదే అయింది. ముప్పై ఆరేళ్లు కూర్చుంది. మా మేనమామ చనిపోయేవరకు ఆ సర్కారు కుట్ర కథను ప్రతి పెళ్లిలోనూ చెప్పాడు, ప్రతిసారీ నేను ఆశ్చర్యపోయాను. నేను ఎక్కడైనా గొప్పలు పోతుంటే అక్క పెన్నుల డబ్బా మూత కొంచెం తీసి మూసేది. పోయిన నెల రిటైరయ్యి, బల్ల సొరుగు ఖాళీ చేసినప్పుడు ఆ ఎర్రముక్కను ఒక కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "ఇగ నువ్వే దాసుకో తమ్మీ," అంది. మొన్న మూత దగ్గర నిలబడ్డప్పుడు అది నా జేబులోనే ఉంది.

మా వాడికి ఇదంతా చెప్పేలోగా, ఫోను చేసి పిలిపించిన మెకానిక్ ఒక చిన్న పెట్టె తెచ్చి, స్టీరింగు కింద తీగ గుచ్చి, బానెట్ ఎత్తకుండానే సెన్సార్ పోయిందని చెప్పాడు. నిజమే చెప్పి ఉంటాడు. ఆ పెట్టెకు తప్పు చెప్పడం రాదు. కానీ అతను వచ్చేదాకా నడిరోడ్డు మీద ముప్పావు గంట నిలబడ్డాం. వెనక నాలుగు వేల బండ్లు హారన్లు మోగించాయి, ఈసారి నాలుగు వేలన్నది అతిశయోక్తి కాదు. వాటిలోంచి ఏమైందని అడగడానికి ఒక్కడు దిగలేదు. కనీసం, పెట్రోల్లో నీళ్లు కలిశాయండీ అని తప్పు చెప్పేవాడైనా దిగలేదు.