కొమ్ముల సైకిలు, మేమ్‌సాబ్ బుట్ట

ఢిల్లీలో అశోకా రోడ్‌కి దగ్గర్లో ఒక పెద్ద ఆఫీసరు బంగళా వెనకాల మాకు ఒక గది ఉండేది. అద్దె లేదు. అద్దె లేదని విన్నవాళ్లంతా "అదృష్టవంతురాలివమ్మా" అనేవాళ్లు. వాళ్లెవరూ ఆ గదిలో తలుపు మీద బిగించిన గంటని చూడలేదు. బంగళాలో మేమ్‌సాబ్ తన మంచం పక్కనున్న మీట నొక్కితే అది మా నెత్తిన మోగేది. తెల్లారి టీకి మోగేది, పిల్లాడు పక్క తడిపితే మోగేది, చుట్టాలొస్తే మోగేది. అన్నం కలుపుకుని మొదటి ముద్ద ఎత్తే వేళకి తప్పకుండా మోగేది. గదికి బదులు నా చాకిరీ, అదీ ఒప్పందం. జీతం ఊసే లేదు.

పిల్లల్ని పెట్టుకోకూడదని ఆవిడ ముందే చెప్పింది. మా ఇద్దరు పిల్లలూ ఊళ్లో మా అమ్మ దగ్గర పెరుగుతున్నారు. మా ఆయన దగ్గర్లోనే ఒక క్యాంటీన్లో ఇడ్లీ, దోసెలు వేసేవారు. నాలుగింటికే తన నల్ల సైకిలెక్కి వెళ్లిపోయేవారు. నాకు బయటి గాలి ఆదివారం చర్చి ఒక్కటే.

ఆ చర్చిలోనే మన వైపు నర్సమ్మ ఒకామె నాతో చెప్పింది. "అక్కా, మా నర్సింగ్ హోములో ఆయా పని ఖాళీ ఉంది. పొద్దున ఆరు నుంచి రెండు దాకా. జీతం బాగానే ఇస్తారు. కానీ మా మేట్రన్‌కి ఆరంటే ఆరే."

నర్సింగ్ హోము దరియాగంజ్‌లో. ఆ వేళకి మా వైపు బస్సు లేదు. చీకట్లో ఒంటరిగా నడిచి వెళ్లే దారి కాదు. మా ఆయన సైకిలు మా ఆయనకే కావాలి. అది ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి ఎక్కి చూశాను. అడ్డకడ్డీకి చీర చిక్కి మోచేయి గీరుకుపోయింది. చిన్నప్పుడు మా ఊళ్లో కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కినదాన్నే. చదివింది మూడో తరగతే గానీ సైకిలు మాత్రం వచ్చు. ముప్పై ఆరేళ్ల మనిషి అడ్డతొక్కుడు తొక్కుతూ డ్యూటీకి వెళ్లదు కదా.

నర్సమ్మ మొగుడు ఒక తెల్లవాళ్ల ఇంట్లో వంట చేసేవాడు. ఆ తెల్లవాళ్లు దేశం వదిలి వెళుతూ సామాను అతనికి వదిలేశారు. అందులో ఒక సైకిలుంది, చూడమని కబురు చేశాడు.

చూస్తే నవ్వొచ్చింది. టైర్లు నా బొటనవేలంత లావున ఉన్నాయి. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి మెలి తిరిగి ఉంది.

"తమ్ముడూ, ఇది తొక్కడానికా, పొడవడానికా?"

"రేసు సైకిలక్కా. పాతికేళ్ల నాటిదంట. పాతదే గానీ గట్టి సరుకు."

"గట్టిదైతే వాళ్లెందుకు వదిలేసి పోతున్నారు?"

"విమానంలో పట్టదక్కా!"

వంగి చూశాను. అడ్డకడ్డీ లేదు. మెడ దగ్గర్నుంచి రెండు సన్నటి గొట్టాలు ఏటవాలుగా వెనక చక్రం దాకా దిగాయి. చీరతో ఎక్కొచ్చు. మా ఊళ్లో కిరాయి సైకిళ్లతను కొలత చూసే పద్ధతి నాకు గుర్తుంది. సీటు చంకలో ఆనించుకుని చెయ్యి చాపితే వేళ్ల కొసలు పెడళ్ల ఇరుసుకి తగలాలి. నాకు జానెడు తక్కువైంది. సీటు అడుగంటా దింపించాను. అప్పుడు తగిలింది. ఎక్కి కొమ్ములు పట్టుకుంటే నడుం విల్లయింది.

"అలా వంగే తొక్కాలక్కా, గాలి అడ్డం రాకుండా."

"వంగడానికి నాకు బంగళా ఉంది. దీన్ని తిరగెయ్యి."

మరలు వదులు చేసి హ్యాండిలు బోర్లా తిప్పాడు. కొమ్ములు పైకి లేచాయి. నిటారుగా కూర్చుంటే రెండు చేతులకీ అందాయి. బేరం మూడు ఆదివారాలు సాగింది. డబ్బు లేదని నా పెళ్లినాటి ఇత్తడి బిందె ఇచ్చాను. గాలి పంపు కూడా ఇస్తేనే బిందె అన్నాను. ఇచ్చాడు.

ఆ సాయంత్రం మా ఆయన గదంతా కలియజూశారు. "ఏమే, బిందె ఏదీ?"

"బయట గోడకి ఆనించి ఉంది. రెండు చక్రాలున్నాయి చూడండి."

"ఈ వయసులో సైకిలా! జనం నవ్వరూ?"

"నవ్వేవాళ్లు నా పిల్లల్ని పెంచుతున్నారా?"

మధ్యాహ్నం మేమ్‌సాబ్ కునుకు తీసే వేళ బంగళా వెనక సందులో తొక్కి తొక్కి మళ్లీ అలవాటు చేసుకున్నాను. ఎవరి కంటా పడకూడదనుకున్నాను. నాలుగో రోజునే ఆవిడ కిటికీలోంచి చూసింది. గంట మోగింది. తిట్టడానికే అనుకుని వెళ్లాను.

తిట్టలేదు. సంబరపడిపోయింది. "అరే వాహ్! ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఇప్పుడు నీకెంత సుఖం!" అంది. మర్నాడే మనిషిని పిలిపించి, తన ఖర్చుతో నా సైకిలు ముందు ఇనుప బుట్ట బిగించింది. అప్పటిదాకా కూరల మార్కెట్ దూరమని డ్రైవరు వెళ్లేవాడు. ఇప్పుడు నేను. పాల బూత్ నేను. ఇస్త్రీ బట్టలు నేను. పిల్లాణ్ణి స్కూలు బస్సు దాకా దించేదీ నేనే. గంట మోగని గంటల్లో కూడా నేను రోడ్డు మీద ఆవిడ పనే తొక్కుతున్నాను.

ఇంకో మేలు కూడా చేసింది. "బయట పెడితే దొంగలెత్తుకుపోతారు పాపం" అని సైకిలు గ్యారేజీలో పెట్టించి తాళం వేయించింది. తాళంచెవి తన మంచం పక్క మేకుకి తగిలించుకుంది. పొద్దున పాలకి వెళ్లేటప్పుడు ఇస్తుంది, పని కాగానే తీసుకుంటుంది. ఎలా కాదనను? మంచికే కదా చేసింది. బిందె ఇచ్చుకుని ఆవిడకి సైకిలు కొనిపెట్టినట్టయింది నా పని.

ఆదివారం నర్సమ్మ చెప్పింది. "అక్కా, ఇన్నాళ్లూ నీకోసం ఆపించాను. ఇక రేపే రమ్మంది మేట్రన్. రేపు రాకపోతే ఇంకొకామెని పెట్టుకుంటుందట."

మా ఆయన తల పట్టుకున్నారు. "మొదటి జీతం రాకముందే గది ఖాళీ చెయ్యమంటే ఎక్కడుంటామే? ఊళ్లో పిల్లలకి ఏం పంపుతాం?"

నాకూ భయమే. కానీ అమ్మ రాయించిన ఉత్తరంలో చిన్నది "మా అమ్మ ఢిల్లీలో మేమ్‌సాబ్ వాళ్ల పిల్లాణ్ణి పెంచుతుంది" అని బళ్లో గొప్పగా చెప్పుకుంటోందని ఉంది. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం దిగడం లేదు.

సోమవారం చీకటితోనే పాలకని తాళంచెవి అడిగితే, మేమ్‌సాబ్ కళ్లు మూసుకునే చెయ్యి చాపి ఇచ్చింది. బూత్ దగ్గర పాల సీసాలు తీసుకుని, అక్కడి దీపం వెలుగులో వంటింటి మొండికత్తితో బుట్ట మరలు ఊడదీశాను. ఊడిన బుట్ట చేతికి తగిలించుకుని, అందులో సీసాలు పెట్టుకుని వచ్చాను. టీకి గంట కొట్టి కొట్టి మేమ్‌సాబ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది.

"ఎక్కడికి పోయావు?"

"పాలు మేమ్‌సాబ్. ఇది మీ బుట్ట. మరలు అడుగున కాగితంలో ఉన్నాయి. ఇది తాళంచెవి. నాకు దరియాగంజ్‌లో పని దొరికింది, వెళ్తున్నాను."

ఆవిడ బుట్టా నన్నూ మార్చి మార్చి చూసింది. "బుట్ట లేకపోతే సామానెలా తెచ్చుకుంటావు?" అంది. ఆ క్షణాన ఆవిడకి తోచింది అదే.

"నా సామాను కొంచెమే."

"అయితే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యండి."

"అచ్ఛా, మేమ్‌సాబ్."

గేటు దాటుతుంటే వెనక మా గదిలో గంట మళ్లీ మోగింది. పిల్లాడు లేచి ఉంటాడు. కాళ్లు వాటంతటవే ఆగాయి. సైకిలు పక్కకి ఒరిగింది. పడిపోతానని భయం వేసి తొక్కాను.

ఆరు కొట్టక ముందే మేట్రన్ ఎదుట నిలబడ్డాను. ఆవిడ కూడా గంటలు మోగే చోటుకే తీసుకెళ్లింది, ఒక్కో మంచానికి ఒక్కో గంట. రెండింటికి మాత్రం "చాలు, పో" అంది. నా చీర అంచుకి అంటిన నూనె మరక చూసి, "రేపు దోపుకుని రా" అంది.

నెలాఖరుకి యమునకి అవతల లక్ష్మీనగర్‌లో ఒక గది తీసుకున్నాం. కప్పు కారేది, నీళ్లు మోసుకోవాలి, మోయడానికి బిందె లేదు. బకెట్లు సైకిలుకి తగిలించుకుని తెచ్చేదాన్ని. వేసవి సెలవులకి పిల్లలొచ్చారు. మళ్లీ రైలెక్కించలేదు.