కిరోసిన్ మీద ఆపిన ఇంజను

నా చిన్నప్పుడు మా నాన్నకి నీళ్ళు తోడే చిన్న ఇంజను ఒకటి ఉండేది. పెట్రోలుతో మొదలై కిరోసిన్‌తో నడిచే రకం. తాడు చుట్టి లాగితే పెట్రోలు మీద అందుకునేది. కాస్త వేడెక్కాక కుళాయిని కిరోసిన్ వైపు తిప్పాలి. ఆపేటప్పుడు మాత్రం మళ్ళీ పెట్రోలుకి తిప్పి, రెండు నిమిషాలు ఆడనిచ్చి, అప్పుడు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు మీది రేకు నొక్కాలి. అలా చేయకపోతే లోపల మిగిలిన కిరోసిన్ మర్నాడు చల్లటి ఇంజనుని అందుకోనివ్వదు. ఇది మా ఊళ్ళో ఇంజనున్న ప్రతి ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది మొవ్వ దగ్గర పల్లె. నాకప్పుడు పదేళ్ళు. ఆ ఏడు నారు పోసి రెండు వారాలు కూడా కాకముందే వాన పట్టుకుంది. మురుగు కాలవ పొంగి నీళ్ళు నారుమడి మీదికి వచ్చేశాయి. జానెడు కూడా లేని మొక్కలు కొనలతో సహా మునిగాయి. అలాగే రెండు మూడు రోజులుంటే కుళ్ళిపోతాయి. మళ్ళీ పోయడానికి ఇంట్లో విత్తనాలు లేవు. ఆ నారు పోయిందంటే ఆ ఏడు మాకు పంట లేనట్టే.

ఆదివారం చర్చి నుంచి రాగానే నాన్న గట్టు మీద ఇంజను పెట్టి తోడడం మొదలుపెట్టారు. సాయంత్రానికి కొనలు బయటపడ్డాయి. కింది గట్టుకి గండి పడిందేమో చూసొస్తానని వెళ్తూ, ఇంకో అంగుళం దిగాక ఇంజను ఆపమని నాకు అప్పజెప్పారు. నాకేమో కాలు నిలవడం లేదు. వీధి చివర మాస్టారింటికి ఆ వారమే టీవీ వచ్చింది. ఆ సాయంత్రం సినిమా వేస్తారు, ఊరంతా అక్కడే ఉంటుంది. నీళ్ళు అంగుళం దిగాయో లేదో సరిగ్గా చూడను కూడా లేదు. కుళాయి దాకా చెయ్యి వెళ్ళింది గానీ, ఇంకో రెండు నిమిషాలు ఎవరుంటారనిపించింది. రేకు నొక్కేసి పరుగు లంకించుకున్నాను. ఆ సినిమాలో ఏముందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

రాత్రి మళ్ళీ వాన కొట్టింది. తెల్లారేసరికి మడి యథాప్రకారం చెరువైంది. నాన్న తాడు చుట్టి లాగారు. ఇంజను కనీసం తుమ్మను కూడా తుమ్మలేదు. లాగుతూనే ఉన్నారు. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. బాబాయి లాగాడు, పక్కచేను ఆయన లాగాడు. ఎంత లాగితే అంత మొండికేసింది. నేను పెట్రోలు మీదే ఆపి ఉంటానని అందరి నమ్మకం. నేను ఇంట్లోకీ గట్టు మీదికీ తిరుగుతూనే ఉన్నాను. ఎక్కడా కూర్చోలేకపోయాను. చెప్పెయ్యాలని పది సార్లు నోటిదాకా వచ్చింది, నాన్న ముఖం చూసి పది సార్లూ మింగేశాను.

ఆ ఇంజనుని నెల కిందటే మొవ్వలో మెకానిక్ బాగుచేశాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని ఇంజను మావయ్య అనేవాళ్ళు. "ఏం వెలగబెట్టాడో, నెల తిరక్కుండా పడుకుంది" అంటూ నాన్న ఆయనకి కబురు పెట్టారు. పది గంటలకి సైకిలు మీద వచ్చాడు. వచ్చీ రాగానే నలుగురిలో నాన్న ఆయన్ని కడిగిపారేశారు. ఆయన తలొంచుకుని సంచి విప్పాడు.

అందరిలాగా ఆయన తాడు ముట్టుకోలేదు. ముందు ప్లగ్గు విప్పి, దాని తలకి తీగ తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి పట్టుకుని నాన్నని తాడు లాగమన్నాడు. నిప్పురవ్వ రాలేదు. రవ్వకి కరెంటు పుట్టించే మాగ్నెటో పోయింది, గుడివాడ తీసుకెళ్ళాల్సిందే అని నాన్న తల పట్టుకున్నారు. మావయ్య సంచిలోంచి పాత ప్లగ్గు ఒకటి తీశాడు. వేరే ఇంజనుది, దీనికి మరలు కుదరవు గానీ పరీక్షకి పనికొస్తుంది. అదే తీగకి దాన్ని తగిలించి లాగిస్తే నీలంగా టిక్కుమని రవ్వ వచ్చింది. అంటే మాగ్నెటో బాగానే ఉంది, దాంట్లోని పాయింట్లు బాగానే ఉన్నాయి. తేడా అంతా మా ప్లగ్గులోనే. ఆయన దాన్ని తిప్పి చూశాడు. తడిసి నల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి, నా ముక్కు దగ్గరా పెట్టాడు.

"ఏం వాసనొస్తుంది పాపా?"

"కిరోసిన్."

ఆయన నా ముఖం వైపు చూశాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. "గుడ్డతో శుభ్రంగా తుడిచి, అమ్మనడిగి పొయ్యి మీద వేడి చేయించుకురా" అన్నాడంతే. నేను తెచ్చేలోగా కార్బురేటరులోని కిరోసిన్ వంపేసి, ప్లగ్గు లేకుండానే నాలుగు సార్లు తాడు లాగి లోపలి తడి బయటికి కొట్టించాడు. ప్లగ్గు బిగించి పెట్రోలు వదిలాడు. రెండో లాగుకి ఇంజను అందుకుంది.

"ఇంతకీ ఏమైందయ్యా?" అన్నారు నాన్న.

"పాయింట్ల దగ్గర నేనే సరిగ్గా చూసుకోలేదండి. తప్పు నాదే" అన్నాడు మావయ్య, పానాలు సంచిలో వేసుకుంటూ.

పాయింట్లు బాగున్నాయని నాకు తెలుసు. రవ్వ నా కళ్ళ ముందే వచ్చింది. అయినా నోరు మెదపలేదు. వెళ్ళే ముందు ఆయన నా చేత కుళాయి పెట్రోలుకి తిప్పించి, రెండు నిమిషాలు నన్ను అక్కడే నిలబెట్టి, ఇంజను ఆపించి మళ్ళీ నడిపించాడు. పిల్లని ఆడిస్తున్నాడనుకున్నారు నాన్న.

నారు చాలావరకు బతికింది. నా ప్రాణం మాత్రం కుదుటపడలేదు. ఆ మెకానిక్‌కి పని ఇవ్వొద్దని నాన్న టీ కొట్టు దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్తున్నారు. మా వీధిలో ఇద్దరు అప్పటికే తమ ఇంజన్లు వేరే చోటికి తీసుకెళ్ళారు. నాలుగో రోజు సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నాం. నారు కాపాడినందుకు నాన్న ప్రభువుకి స్తోత్రం చెప్పి, ఆ మెకానిక్‌కి పనిలో శ్రద్ధ దయచేయమని అడిగారు. అది వినలేకపోయాను. ఆమెన్ అనకముందే, "నాన్నా, ఇంజను కిరోసిన్ మీద ఆపేసింది నేనే" అన్నాను.

నాన్న ప్రార్థన ముగించి ఆమెన్ అన్నారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద ఎక్కించుకుని మొవ్వ తీసుకెళ్ళారు. మావయ్య షెడ్డు ముందు నిలబడి, "నిన్ను అనకూడని మాటలన్నాను. క్షమించు" అన్నారు. మా నాన్న ఎవరినైనా అలా అడగడం నేను చూడడం అదే మొదలు. మావయ్య కంగారుపడి స్టూలు తెచ్చి వేశాడు.

"పాప చెప్తుందనుకున్నానండి. నేను చెప్తే మీరు కొడతారని ఊరుకున్నాను" అన్నాడు.

తిరిగొచ్చాక నాన్న టీ కొట్టు దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పారు. వెళ్ళిన ఇద్దరిలో ఒకరు మళ్ళీ మావయ్య దగ్గరికి వచ్చారు. రెండో ఆయన రాలేదు. నన్ను తన్నుల నుంచి తప్పించబోయి మావయ్య ఆ బేరం పోగొట్టుకున్నాడు. ఆయన దయ తలుచుకున్నప్పుడల్లా ఆ రెండో మనిషి కూడా గుర్తొస్తాడు.

తర్వాత నేను నర్సునై బందరు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశాను. అక్కడ ఏదైనా మిషను ఆగినా, మందు తేడా వచ్చినా, అందరి చూపూ ముందు ఆయా మీదికో, కొత్తగా చేరిన పిల్ల మీదికో పోతుంది. నా చేతిలో జరిగినదైతే, ఆ చూపు వాళ్ళని చేరకముందే, "చివర ముట్టుకున్నది నేనే" అని చెప్పేసేదాన్ని. ఒకటి రెండు సార్లు ఆ మాటకి గట్టిగానే అనుభవించాను. ఇప్పటికీ ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు. అయినా అనేస్తాను.