మూడు రిపోర్టులూ ఒకే మాట చెప్పాయి

ఒకసారి తేల్చుకున్న జవాబును ఎంతసేపు నమ్మొచ్చు? డేటాబేస్ పనిలో చేరినప్పటి నుంచీ నాకీ అనుమానం ఉంది.

వన్ టౌన్‌లో మేం సాఫ్ట్‌వేర్ చూసే హోల్‌సేల్ చీరల కొట్టు నుంచి చిన్న షాపులవాళ్ళు చీరలు పట్టుకెళ్ళి, అమ్ముడుపోనివి తిరిగి ఇచ్చేస్తుంటారు. అందుకే కొట్లో ఏమున్నాయో తేల్చడం కంప్యూటర్‌కి పెద్ద పని. ఓనరుగారు చూసుకునే మూడు రిపోర్టులూ ఆ పని దేనికది చేసుకుని, ఆలస్యంగా వచ్చి, తలో మాటా చెప్పేవి. ఇవాళ పొద్దున ఆ లెక్క ఒక్కసారే తేల్చి డేటాబేస్‌లో ఒక టేబుల్లో ఉంచి, మూడింటినీ అక్కణ్ణుంచే చదువుకోమన్నాను. నొక్కగానే మూడూ వచ్చేశాయి, ఒకే మాటతో. రాసింది నేనే అయినా మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకున్నాను.

మధ్యాహ్నం నేనింకా కొట్లో ఉండగానే ఓనరుగారు మైలవరం షాపాయన్ని ఫోన్లో ఆగమని, "మేడమ్, మంగళగిరి చీరలున్నాయని మాటిచ్చేయనా?" అన్నారు.

"పొద్దున తేల్చినప్పుడు ఉన్నాయండీ."

"ఇప్పుడో?"

"ఒకసారి బీరువా చూడండి."

"దానికి మీరెందుకండీ" అని నవ్వుతూ లేచారు. చీరలున్నాయి, ఆయన మాట నిలిచింది.

రేపూ ఉంటాయని ఏముంది? ఆ టేబుల్‌ని గంటకోసారి మళ్ళీ తేల్చాలా, చీర కదిలినప్పుడల్లానా? తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు మాత్రం ఇంకా తేలడం లేదు.