ఆటో పెట్టిన కీమా మిషను

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే సిద్దిపేటలోని మా ఇంట్లో కిర్రు కిర్రుమని ఒకటే చప్పుడు. బల్ల అంచుకు బిగించిన కీమా మిషను అది. అమ్మ కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో మటన్ ముక్కలు లోపలికి నూకేది.

పక్కనే పీట మీద నాయినమ్మ. "పెట్టే చెయ్యి ఏడున్నదో తిప్పే చెయ్యికి ఎరుకుంటది బిడ్డా... గందుకే భయం లేదు" అనేది.

అమ్మ రోజంతా జాకెట్లు కుట్టేది. పిడి తిప్పితే భుజం పట్టేసేది. బాపు చూడలేకపోయాడు. ఊళ్లల్లో తిరిగి బోరు మోటర్లు బాగుచేసే మనిషి కదా... "ఇగ నువ్వు తిప్పేది లేదు" అని ఒక పాత మోటరు తెచ్చి, పిడి ఊడబీకి, బెల్టు తగిలించాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది.

అప్పట్లో పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందుకని రైతులు బోరుకు 'ఆటో' డబ్బా పెట్టించుకునేవారు. కరెంటు రాగానే, ఎవరూ స్టార్టర్ నొక్కకుండానే మోటరు దానంతట అదే నడిచేది. వందల డబ్బాలు బిగించిన చెయ్యి మా బాపుది... అలవాటు కొద్దీ కీమా మిషనుకూ ఆటో పెట్టేశాడు! ఇంట్లో చెప్పాలని కూడా తోచలేదు మహానుభావుడికి.

మోటరు పెట్టిన మూడో ఆదివారం, మధ్యాహ్నం. బాపు బయటికి పోయాడు. కరెంటు పోయింది. తిరుగుతున్న మిషను ఆగిపోయింది. మిషను మూతిలో ఒక నరం ఇరుక్కుంటే అమ్మ రెండు వేళ్లు లోపలికి దింపింది.

"జర పైలం" అంది నాయినమ్మ.

"కరెంటే లేదు గదా అత్తమ్మా... గదేం జేస్తది?"

నేను ఆ మూతినే చూస్తున్నా. లోపల తడితడిగా, ఎర్రగా... అది ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. "అమ్మా, దూప అయితుంది" అని అబద్ధమాడాను.

"గిప్పుడే కావాల్నా నీకు?" అని విసుక్కుంటూ చెయ్యి తీసింది అమ్మ. నీళ్ల కుండ దగ్గరికి రెండడుగులు వేసిందో లేదో...

గుర్ర్ర్ర్...

ఎవరూ ముట్టుకోలేదు. మిషను తనంతట తానే తిరుగుతోంది. ఆ నరాన్ని మెల్లగా లోపలికి లాక్కుంది. నాయినమ్మ "కొమురెల్లి మల్లన్నా!" అని దండం పెట్టింది. అమ్మ మాత్రం తన వేళ్లనే చూసుకుంటూ నిలబడిపోయింది.

బాపు వచ్చి సంగతి విని ఆ డబ్బా ముందు కూలబడ్డాడు. "నా చేతులతోని నేనే పెడ్తినే..." అని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ సాయంత్రమే మోటరు ఊడదీసి పిడి మళ్లీ బిగించాడు. తర్వాత ప్రతి ఆదివారం తనే తిప్పాడు. అమ్మను ఆ బల్ల దరిదాపులకు రానీయలేదు.

ఇప్పుడు కీమా దుకాణంలోనే కొట్టించి తెచ్చుకుంటున్నాం. బాపు లేడు. మిషను అటక మీద ఉంది. కరెంటు పోవడమూ తక్కువే. కానీ ఎప్పుడైనా పోయి, మళ్లీ వచ్చి, ఫ్రిజ్ గుర్రుమందా... అమ్మ చేస్తున్న పని వదిలేసి రెండు చేతులూ కొంగులో దాచుకుంటుంది. నేను చూడనట్టే ఉంటాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి మిషను ఉండేదా? దాన్ని తిప్పిన చేతులు ఎవరివో చెప్పండి...