పాము నడుముకు కట్టిన దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి అరచేతిలో ఎంత ముద్ద పడిందో కనిపెట్టే పని నాది. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. అమ్మ పెద్ద బేసిన్‌లో అన్నం కలిపి, చుట్టూ కూర్చున్న మా అరచేతుల్లో తలా ఒక ముద్ద పెట్టేది. తమ్ముడి ముద్ద నా ముద్ద కంటే పెద్దదని నేను ప్రతిసారీ ఫిర్యాదు చేసేదాన్ని. వాడు నాకంటే చిన్నవాడు కావడమే నా కేసులో బలమైన పాయింటు. "తిను ముందు, ఇంకోటి పెడతాను" అనేది అమ్మ. కేసు రాత్రి భోజనానికి వాయిదా పడేది.

అప్పుడు మేం వనస్థలిపురంలో ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. పక్కింటి అక్క వాళ్లది నల్గొండ దగ్గర పల్లెటూరు. ఆమె రోజూ బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కాలేజీకి వెళ్లి జువాలజీ చదువుకునేది. సాయంత్రం ఆమె బస్సు దిగే వేళకు వీధి మొదట్లో నిలబడి ఆమె సంచీ మోసుకొచ్చే హక్కు నాదే. తమ్ముడికి అందులో వాటా లేదు. నా జీవితంలో వాడికి వాటా లేని ఆస్తి అదొక్కటే.

ఒక వానాకాలం అక్క మురిక్కాలవ పక్కన తోక చితికి పడున్న నీరుకట్టె పాము పిల్లను తెచ్చింది. విషం లేని పాము, చేపలూ కప్పలూ తిని బతికేది. గాయం మానేదాకా చూసి చెరువులో వదిలేయమని వాళ్ల మేడమ్ చెప్పిందట. పాత చేపల తొట్టెలో దాన్ని పెట్టి, పైన జాలీ మూత వేసి, మూత మీద రెండు లావు పాఠ్యపుస్తకాలు పెట్టింది. డిగ్రీ మొత్తంలో ఆ పుస్తకాలు పనికొచ్చింది అప్పుడేనని తర్వాత తనే చెప్పుకునేది.

ఆ రోజుతో నా సంచీ ఉద్యోగం ప్రాధాన్యం కోల్పోయింది. అక్క బస్సు దిగితే నేరుగా పాము దగ్గరికే. పాముతో పోటీ పడడం ఏమంత గౌరవం కాదని నాకూ తెలుసు. అయినా పడ్డాను. అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. కాలేజీ నుంచి తెచ్చిన ఫోర్సెప్స్‌తో పాముకు చేప అందించే పనిని అక్క తమ్ముడికి ఇచ్చింది. వాడి చెయ్యి వణకదట. నాకు మూత పట్టుకునే పని దొరికింది. వచ్చిన కొత్తలో ఏమీ ముట్టక తాడులా ఎండిపోయిన ఆ పాము, వాడి చేతి చేపనే మొదటిసారి అందుకుంది. అక్క వాడి తల నిమిరింది. నేను మూత పట్టుకుని నిలబడ్డాను.

ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ కొత్తపేట నుంచి పులుసుకు చేపలు తెచ్చింది. పాము సంగతి విని చేపలావిడ గుప్పెడు పరిగెలు, అంటే చిన్న చేపలు, కొసరు వేసిందట. అంతలో దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్నికి జ్వరమని కబురొచ్చింది. చర్చి నుంచి అప్పుడే వచ్చిన అక్కకు మమ్మల్ని అప్పగించి అమ్మ వెళ్లిపోయింది. తమ్ముడు గిన్నెలోంచి రెండు పరిగెలు ఏరుకున్నాడు, వేలెడంతవి. నేను పులుసు చేపల్లో చెయ్యిపెట్టి, నా అరచెయ్యంత చేప తీశాను. చేప పెద్దదైతే పాముకు బలం, బలం వస్తే పేరు, పేరు నాకు. నా లెక్క అది.

అక్క ఆ చేపను చూసింది. "ఏందే, గింత పెద్దదా?"

"పెద్దదైతే తొందరగా కోలుకుంటుంది కదక్కా."

"మంచిగున్నది. ముందుగల మనం తిందాం, దాని సంగతి తర్వాత జూద్దాం."

ముద్దపప్పు, ఆవకాయ కలిపి అమ్మలాగే మా అరచేతుల్లో పెట్టింది. నేను అలవాటు తప్పలేదు. "అక్కా, వాడిది పెద్దది."

"ఔనా? మరి నీకెంత గావాలె?"

రెండు చేతులూ కలిపి చూపించాను. అక్క నవ్వలేదు. నేను చూపినంత ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. "ఒక్కటే బుక్క. కొరుకుడు లేదు, మరి."

నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక నోరు మూతపడలేదు. మింగడానికి దారి లేదు, ఉమ్మడానికి పౌరుషం అడ్డం. ఈలోగా ఆవకాయ తన పని తాను చేసుకుపోయింది. కళ్లల్లోంచీ ముక్కులోంచీ నీళ్లు. తమ్ముడు మాత్రం చిన్న చిన్న ముద్దలు మింగుతూ, "అక్కా, దీనికేదో అవుతోంది" అని సమాచారం అందించాడు. చివరికి పళ్లెంలోకి ఉమ్మేశాను. అక్క నీళ్లు తాగించి, పెరుగులో చక్కెర వేసి తినిపించి, నన్ను తొట్టె దగ్గరికి తీసుకెళ్లింది.

పామును బయటికి తీసి తల వెనక పట్టుకుని, దాని పొట్ట లావుగా ఉన్నచోట నన్ను పూలదండ దారం చుట్టమంది. దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. జారుడుగా ఉంటుందనుకున్నాను. పొడిగా, చల్లగా ఉంది. ఆ కొలతకే దారాన్ని ఉంగరంలా ముడివేయించి, చేపలు అందులోంచి దూర్చి చూడమంది. పరిగె సుళువుగా దూరిపోయింది. నా చేప తల దగ్గరే ఆగిపోయింది.

"గది నమలదు. మొత్తం మింగుడే," అంది అక్క. "పెద్దది పెడితే ఒద్దనదు, మింగుతది. కడుపుల పట్టక కక్కుతది. ఇప్పుడున్న పానానికి కక్కిందంటే బతకదు. నువ్వంటే ఉమ్మినవ్."

నాకు మంట తగ్గిపోయింది. చేతిలో ఉన్న చేప ఒక్కసారిగా బరువెక్కింది.

అక్క ఆ దారపు ఉంగరాన్ని, మిగిలిన కొసలతో నా మణికట్టుకు కట్టింది. ఇక మీదట ఏ చేప తొట్టెలోకి వెళ్లాలన్నా నేను చూశాకే వెళ్లాలంది. తమ్ముడు తెచ్చిన చేపల్ని నేను మరీ కఠినంగా పరీక్షించానని వాడు ఇప్పటికీ ఆరోపిస్తాడు. పాము లావెక్కిన కొద్దీ కొత్త దారం కొలిచి కట్టుకునేదాన్ని. గాయం మానాక అందరం కలిసి చెరువు గట్టుకు వెళ్లి వదిలాం. అది వాడి వైపూ చూడలేదు, నా వైపూ చూడలేదు. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది.

నా చేప ఆ సాయంత్రమే పులుసులో పడింది. ముళ్లు తీసుకుంటూ, చిన్న చిన్న ముక్కలుగా తిన్నాను.

మొన్న తమ్ముడు ఎల్‌బీ నగర్‌లో ఫ్లాటు కొన్నాడు. బాల్కనీలోంచి మెట్రో కనిపిస్తుంది. మా బాల్కనీలోంచి పక్కింటి బాల్కనీ కనిపిస్తుంది. గృహప్రవేశం భోజనాలయ్యాక, సరదాకి మరదలు బేసిన్‌లో ఆవకాయ అన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టింది. వాడి ముద్ద పెద్దదే. చూశాను. చూడకుండా ఉండడం ఈ వయసులో ఇక నాకు రాదు. కానీ చూశాక ప్రతిసారీ నా మణికట్టు దగ్గర సన్నగా ఏదో బిగిసినట్టు ఉంటుంది. అప్పుడు నా ముద్ద వైపు చూసుకుంటాను. ఒక్క బుక్కకు సరిగ్గా సరిపోయేంత ఉంటుంది.